సంతకం పెట్టే ముందు

చిన్నా,

నువ్వూ నీ ఫ్రెండూ కలిసి చేసి పంపిన కొత్త ట్రాక్ విన్నాను. బేస్ అందుకునే చోట మీ నాన్న కూడా పేపర్ పక్కన పెట్టి విన్నారు. మ్యూజిక్ కంపెనీ నుంచి కాంట్రాక్ట్ వచ్చిందని, దాని గురించే టెన్షన్ పడుతున్నావని నీ మాటల్లో తెలిసిపోయింది.

నీకు ప్రాణమైన ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ మ్యూజిక్ జోడీ డాఫ్ట్ పంక్ సంగతే తీసుకో. ఆ ఇద్దరూ, థామస్, గీ మాన్యుయెల్, 1987లో పారిస్‌లోని ఒక స్కూల్లో కలిశారు. ఇంకో స్నేహితుడితో కలిసి ముందు గిటార్ బ్యాండ్ పెడితే, ఓ ఇంగ్లిష్ పత్రిక దాన్ని తీసిపారేసింది. ఆ తిట్టులోంచే 'డాఫ్ట్ పంక్' అనే పేరు తీసుకుని ఇద్దరూ డ్రమ్ మెషీన్లు, సింథసైజర్ల మీద పడ్డారు. 1993లో పారిస్ దగ్గరి యూరో డిస్నీలో జరిగిన రేవ్ అనే డాన్స్ పార్టీలో, గ్లాస్గోకి చెందిన సోమా అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) మనిషికి డెమో ఇచ్చారు. ఆ లేబులే 1994లో మొదటి సింగిల్ తెచ్చింది, మరుసటి ఏడాది 'డా ఫంక్' తెచ్చింది. ఇక పెద్ద కంపెనీలు వెంటపడ్డాయి.

అప్పుడు వాళ్లు ఎంత నిదానంగా ఉన్నారో చూడు. 1996లో వర్జిన్ అనే పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు కానీ, రికార్డింగుల హక్కులు రాసివ్వలేదు. లైసెన్స్ మాత్రమే ఇచ్చారు. ఇల్లు అద్దెకిచ్చి దస్తావేజు మన బీరువాలోనే పెట్టుకున్నట్టు. ఇరవై ఏళ్లు దాటీ దాటని పిల్లలకి అంత తెలివి ఎక్కడిదంటే, థామస్ వాళ్ల నాన్న డానియెల్ వాంగార్డ్ డిస్కో రోజుల నుంచీ పాటలు రాసి, ప్రొడ్యూస్ చేసినవాడు. ఈ వ్యాపారం లోతుపాతులు ఆయనకి బాగా తెలుసు. ఆయనే దగ్గరుండి సలహాలిచ్చాడు.

1997 జనవరిలో వచ్చిన మొదటి ఆల్బమ్ 'హోమ్‌వర్క్' థామస్ పడకగదిలో తయారైంది. మెషీన్లకి చోటు చాలక మంచాన్ని పక్క గదిలోకి మార్చాడట. నువ్వూ మంచం హాల్లో వేశావు కదా, అది చదివి మీ నాన్నకి చూపించాను.

మాకు ఈ రంగం తెలియదు. కానీ కాగితం చదవడం తెలుసు. ఆ కాంట్రాక్ట్ మొత్తం నాకు వాట్సాప్ చెయ్యి. హక్కులు ఎవరి పేరు మీద ఉంటాయి, ఎన్నేళ్లకి, మీ ఇద్దరి వాటా ఎంతెంత, ఈ మూడూ ముందు చూద్దాం. తర్వాత మన లాయర్ బాబాయికి చూపిద్దాం. వాళ్లు ఎంత తొందరపెట్టినా ఆదివారం దాకా సంతకం పెట్టొద్దు. నీ ఫ్రెండ్‌నీ వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడమను.

అమ్మ