తమ్ముడికి, గ్రీన్ బ్యాంక్ నుంచి

గ్రీన్ బ్యాంక్, వెస్ట్ వర్జీనియా

తమ్ముడూ,

అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పు. ఇక్కడి రేడియో టెలిస్కోప్‌కున్న అంత పెద్ద డిష్ ఎండకు వంగితే ఎలా తెలుస్తుందని అడిగావు. రోజూ సర్వేలో దూరాలు, కోణాలు కొలిచే టోటల్ స్టేషన్ పట్టేవాడివి, నీకు లెక్కలతోనే చెబుతాను.

ఇక్కడి డిష్ 100 మీటర్లకు 110 మీటర్లు. 2004 అల్యూమినియం పలకలు, వాటి మూలలను ఎత్తి దించే 2209 యాక్చుయేటర్లు. మాకు కావాల్సిన నునుపు ఎంతంటే, ఉపరితలంలో సగటు లోపం 0.24 మిల్లీమీటరు మించకూడదు. కానీ ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకు 12 మైక్రాన్లు సాగుతుంది; 50 మీటర్ల చట్రం ఒక్క డిగ్రీ వేడెక్కితే 0.6 మిల్లీమీటరు! 3.3 మి.మీ. రేడియో తరంగానికి రూజ్ సూత్రం (ఉపరితల లోపం వల్ల ఎంత సిగ్నల్ పోతుందో చెప్పేది) వేసి చూడు: లోపం 0.24 అయితే 43 శాతం సిగ్నల్ దక్కుతుంది, 0.4కి పెరిగితే పది శాతం కూడా మిగలదు.

అందుకే లేజర్ కిరణంతో ఉపరితలమంతా దూరాలు కొలిచే లేజర్ స్కానర్. రాత్రి చట్రం చల్లబడి కుదురుకున్నాక ఒక స్కాన్, పగలు మరొకటి. తేడాయే ఎండ చేసిన వంపు. ఒక్కో బిందువులో పొరపాటు మిల్లీమీటర్లలో ఉన్నా, లక్షల బిందువుల సగటులో అది అణిగిపోతుంది. సగటుకు లొంగనిది గాలి. గాలి ఉష్ణోగ్రత, పీడనాలను బట్టి కాంతి వేగం మారుతుంది కాబట్టి, దూరం లెక్కకు స్కానర్‌లో ఆ రెండూ ఎక్కించాలి. ఒక డిగ్రీ తప్పు ఎక్కిస్తే దూరంలో 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తేడా, ఒక మిల్లీబారు తప్పైతే 0.28 పీపీఎం. వంద మీటర్లకు డిగ్రీకి 0.1 మిల్లీమీటరన్నమాట. ఈ తప్పు దూరంతో పాటు సాఫీగా పెరుగుతుంది కాబట్టి అచ్చం డిష్ వంపులాగే కనిపిస్తుంది. నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదం ఇదే: లేని వంపును యాక్చుయేటర్లతో సరిదిద్దేస్తాం. థర్మామీటరు నీడలో, కిరణం వెళ్లే ఎత్తులో ఉండాలి. పీడనం వాతావరణ కేంద్రం చెప్పే సముద్రమట్టపు విలువ కాకూడదు. ఇక్కడ 800 మీటర్ల పైఎత్తు, అసలు పీడనం 920 మిల్లీబార్ల దగ్గర.

తేమ లేజర్‌ను పెద్దగా కదిలించదు, రేడియో తరంగాన్ని మాత్రం బాగా కదిలిస్తుంది. కాబట్టి క్వేజార్‌ను (చాలా దూరంలో చుక్కలా కనిపించే ప్రకాశవంతమైన రేడియో మూలాన్ని) టెలిస్కోప్‌తోనే ఫోకస్‌లో ఒకసారి, ఫోకస్‌కు అటూ ఇటూ జరిపి రెండుసార్లు స్కాన్ చేసి డిష్ వంపును సరిచూసుకునే పద్ధతికి మబ్బులు కదలని ఆకాశం కావాలి. దానికి అరగంట దాకా పడుతుంది. పగలైతే ఆ దిద్దుబాటు గంటో రెండు గంటలో నిలుస్తుంది, తర్వాత మళ్లీ చేయాల్సిందే. పలకల మీద మంచు పేరుకుంటే లేజర్ కొలిచేది మంచునే, ఆ స్కాన్ పక్కన పెట్టాలి.

నీ టోటల్ స్టేషన్‌లో పీడనం 1013 మిల్లీబార్ల మీదే ఉందేమో రేపే చూడు. హైదరాబాద్‌లో అది దాదాపు 950. అలా ఉంటే కిలోమీటరుకు దాదాపు 18 మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తుంది.

అక్క