పాలకూరలో చుక్క

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో పాలకూర మీద వేసిన వ్యాసం చదివాను. పందొమ్మిదో శతాబ్దంలో ఒక జర్మన్ శాస్త్రవేత్త పాలకూరలో ఇనుము లెక్క రాస్తూ దశాంశ బిందువును ఒక స్థానం పక్కకు పెట్టాడని, దాంతో పదింతల ఇనుము ఉందని లోకమంతా నమ్మిందని 'పరిశోధనలో తేలింది' అన్నారు. ఎవరి పరిశోధన, ఎప్పటిది అన్నది మాత్రం వేయలేదు.

మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకూ లేదు లెండి. కాలేజీ లైబ్రేరియన్‌గా ఉన్నన్నాళ్లూ కొత్తగా చేరిన పిల్లలకు నేనూ ఈ కథే చెప్పేవాణ్ణి. 'ఒక్క చుక్క ఎంత పని చేసిందో చూశారా, మూలం చూడందే ఏదీ నమ్మకండి' అనేవాణ్ణి. ఒకసారి ఒకమ్మాయి లేచి, 'మరి ఈ చుక్క సంగతి ఎందులో ఉంది సార్?' అంది. రేపు చూపిస్తానన్నాను. ఆ రేపు రావడానికి రెండు వారాలు పట్టింది.

గూగుల్ స్కాలర్‌లో ఆ కథ చెప్పే వ్యాసాలు బోలెడు దొరికాయి. ఒక్కోదాని రిఫరెన్స్ పట్టుకుని వెనక్కి వెళ్తే, దారులు చాలావరకు 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హ్యాంబ్లిన్ అనే డాక్టరు రాసిన వ్యాసం దగ్గర ఆగిపోయాయి. చుక్క కథ అందులో ఉంది, ఆధారం లేదు. నాకంటే ముందే ఈ దారిన నడిచినవాళ్లు ఉన్నారని తర్వాత తెలిసింది. మైక్ సటన్ అనే నేరశాస్త్ర పరిశోధకుడు చుక్క తప్పిందనడానికి రుజువేమీ దొరకలేదని 2010లోనే రాశాడు. మూల వ్యాసం తెరవకుండా పక్కవాడి రిఫరెన్స్‌ను ఎత్తి రాసుకోవడం వల్ల ఇలాంటి కథలు ఎలా బతుకుతాయో 2014లో రెక్డాల్ అనే పరిశోధకుడు 'సోషల్ స్టడీస్ ఆఫ్ సైన్స్' జర్నల్‌లో చూపించాడు. మూలం చూడమని నేను చెప్పిన పాఠానికే మూలం లేదన్నమాట!

జర్నల్ పెద్దదైతే చాలదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసం లాన్సెట్ అనే పేరున్న వైద్య జర్నల్‌లోనే వచ్చింది. చూసింది 12 మంది పిల్లల్ని. 2010లో ఆ జర్నలే దాన్ని వెనక్కి తీసుకుంది. వైద్య పరిశోధన వ్యాసాల జాబితా ఉండే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో వెతికితే ఆ సంగతి పైనే కనిపిస్తుంది. ఎంతమంది ఉదహరించారన్న అంకె చూసి మాత్రం మురిసిపోకూడదు, తిట్టినవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు.

అందుకే ఒక మనవి. 'పరిశోధనలో తేలింది' అని వేసినప్పుడల్లా కింద ఒక్క వరుస ఇవ్వండి: జర్నల్ పేరు, సంవత్సరం, ఎంతమంది మీద చేశారో (లేక ఎలుకల మీదో). అంత చోటు లేదంటారా, 10తో మొదలయ్యే డీఓఐ నంబరు (ఒక్కో వ్యాసానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) వేయండి చాలు. ఓపిక ఉన్నవాళ్లు వెతుక్కుంటారు.

ఇంతకీ ఆ అమ్మాయికి సటన్ వ్యాసం ప్రింటు తీసి చూపించాను. చివరిదాకా తిరగేసి, 'ఆ పాత జర్మన్ కాగితాలు మీరు చూశారా సార్?' అంది.

నాకు జర్మన్ రాదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైబ్రేరియన్