చేత్తో తినేవాళ్ళకి వడ్డించే మనిషి కావాలి

ఎడిటర్ గారికి నమస్కారమండీ.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో ఇంటికి భోజనానికి పిలిచినప్పుడు టేబుల్ ఎలా సర్దాలో ఒక పేజీ వేశారు కదా, ఫోర్కు ఎడమ పక్క, కత్తి కుడి పక్క పదును ప్లేటు వైపు తిరిగి ఉండేలా, నాప్‌కిన్ ఇలా మడవాలి, మధ్యలో పూలు, గిన్నెలన్నీ టేబుల్ మీదే పెట్టేస్తే ఎవరిక్కావల్సింది వాళ్ళు వేసుకుంటారు అని. ఫొటోలు బావున్నాయి, కాదనను. కానీ ఆ గిన్నెల్లో ఉన్నదేమో ముద్దపప్పు, గుత్తొంకాయ కూర, పులుసు. ఆ భోజనం ఆ టేబుల్ మీద నిజంగా ఎవరైనా కూర్చుని తిన్నారా అని నా డౌటు.

మనం చేత్తో తింటామండీ, మొత్తం తేడా అక్కడే వస్తుంది. మొదటి ముద్ద కలిపామంటే కుడి చెయ్యి ఎంగిలి, ఇంక ఆ చేత్తో గరిటె ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఎదురుగా ఉన్నావిడ పైకి ఏమీ అనదు గానీ ఆ కూర మాత్రం మళ్ళీ వేసుకోదు. పోనీ ఎడమ చేత్తో వేసుకుందామా అంటే అది అలవాటు లేని చెయ్యి, పులుసు సగం టేబుల్ క్లాత్ మీద పడుతుంది, పైగా పెద్దవాళ్ళకి ఎడమ చేత్తో వడ్డించాలంటే మనకే ఏదోలా ఉంటుంది. అందుకని అందరూ ఏం చేస్తారంటే చేతులు శుభ్రంగా ఉన్నప్పుడే అన్నీ ఒకేసారి ప్లేట్లో వేసేసుకుంటారు. అన్నం గుట్ట, దాని పక్కన పప్పు, పప్పులోకి దిగుతున్న సాంబారు, సాంబారులో మునిగిన గులాబ్ జామ్, అన్నిటి కింద నలిగి మెత్తబడిన అప్పడం. ఫోర్కుతో తినేవాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళ చెయ్యి చివరిదాకా పొడిగానే ఉంటుంది, గిన్నె ఇటు ఇవ్వండి అంటే ఇచ్చేస్తారు. మనకలా కుదరదు, ఎవరో ఒకరు తినకుండా నిలబడి వడ్డించాలి. బఫేలో అయినా ఇంతే, రెండోసారి వెళ్ళి ఎంగిలి చేత్తో లైన్లో నిలబడలేక మొదటిసారే నింపేసుకుంటాం, సగం పారేస్తాం.

చెప్పాలంటే యూరప్‌లో కూడా ఒకప్పుడు పెద్దింటి విందుల్లో బోలెడు వంటకాలు ఒకేసారి టేబుల్ నిండా పేర్చేవాళ్ళు, దాన్ని ఫ్రెంచి పద్ధతి అంటారు. 19వ శతాబ్దంలో ఒక్కో వంటకం వేడిగా తెచ్చి వరసగా వడ్డించే రష్యన్ పద్ధతి వచ్చి దాని ప్లేసులో కూర్చుంది, ఇప్పుడు స్టార్ హోటళ్ళలో కోర్సులు కోర్సులుగా తెచ్చిపెట్టేది అదే. మన బంతి భోజనం ఎప్పట్నుంచో వరస ప్రకారమే నడుస్తుంటే మనమేమో అన్నీ ఒకేసారి పేర్చడం కొత్తగా నేర్చుకుంటున్నాం.

వరస అంటే ఏదో చాదస్తం అనుకుంటారు ఈ తరం పిల్లలు. కాదు. ఆకు వేసేటప్పుడు కొస తినేవాళ్ళకి ఎడమ పక్క రావాలి, వెడల్పు కుడి పక్క, కలుపుకునే చెయ్యి అటే ఉంటుంది కాబట్టి చోటు అటే కావాలి. పై సగంలో ఉప్పు, పచ్చడి, ఊరగాయ, కూర, వేపుడు, బూరె, పులిహోర, అంటే కొంచెం కొంచెంగా అందుకునేవన్నీ. కింది సగం అన్నానిది. నీళ్ళ గ్లాసు మా ఇంట్లో ఎడమ పక్కే పెడతాం, ఎత్తేది ఆ చేత్తోనే కదా. తీపి ముందు వెయ్యాలా చివర్న వెయ్యాలా అనేది ఇంటికో రకం, దాని మీద వియ్యంకుల మధ్య మాట పట్టింపులు కూడా చూశాను, నేనందులోకి దిగను.

అసలు సంగతి అన్నం దగ్గరుంది. అన్నం ఒకేసారి వడ్డించకూడదు. పప్పుకి ఒక మారు, పులుసుకో సాంబారుకో ఇంకో మారు, చారుకి కాస్త, పెరుగుకి ఆఖరి మారు. అన్నం పొగలు కక్కుతుంటేనే నెయ్యి కరిగి పప్పులో కలుస్తుంది, చల్లారిన గుట్ట మీద నెయ్యి వేస్తే పూసలు పూసలుగా అలాగే ఉంటుంది. అందుకే అన్నం గిన్నె పట్టుకున్న మనిషి వెనకే పప్పు, పప్పు వెనకే నెయ్యి నడవాలి, మధ్యలో గ్యాప్ రాకూడదు. చిక్కటివి ముందు, పల్చటివి తర్వాత, చలవ చేసే పెరుగు చివర్న, ఆకలి తగ్గేకొద్దీ తేలికైనవి వస్తాయి. అన్నీ ఒకేసారి ప్లేట్లో పడితే ఈ లెక్కంతా గాలికిపోతుంది, చారు రుచి ఎవరికీ తెలీదు, పెరుగు దాకా ఎవరూ రారు.

పన్నెండు మందిని పిలిచారనుకోండి, ఇంట్లో డైనింగ్ టేబుల్‌కి ఆరు కుర్చీలే ఉంటాయి, అందరూ ఒకేసారి తినాలని ఒళ్ళో ప్లేట్లు పెట్టుకుని సోఫాల్లో సర్దుకునే కంటే రెండు బంతులు పెట్టుకోవడం నయం. మొదట తినేవాళ్ళు తింటుంటే మిగతావాళ్ళలో ఇద్దరు వడ్డిస్తారు, తర్వాత మారతారు. పిల్లలకి నెయ్యి గిన్నె, నీళ్ళ జగ్గు ఇస్తే భలే హుషారుగా తిరుగుతారు. వంటకాల సంఖ్య పెంచే బదులు ఈ మనుషుల్ని ముందే అనుకుని పెట్టుకోవాలి. పదహారు రకాలు చేసేసి, చేసినావిడే గరిటెలన్నీ పట్టుకుని వంటింట్లోకీ హాల్లోకీ పరుగులు పెట్టే ఇళ్ళు ఎన్ని చూశానో. నాలుగు రకాలు చేసి సరిగ్గా వడ్డిస్తే దాన్నే కడుపు నిండా తిన్నామంటారు జనం.

వడ్డించేవాళ్ళకి నేను చెప్పేది ఒకటుంది, "కావాలా?" అని అడక్కండి. మనవాళ్ళు మొహమాటంతో ఎప్పుడూ వద్దనే అంటారు, ఆకలిగా ఉన్నా సరే. గరిటెలో కాస్త తీసుకుని "కొంచెం పప్పు" అంటూ ఆకు దగ్గరికి వంగితే, కావల్సినవాళ్ళు ఊరుకుంటారు, వద్దనుకున్నవాళ్ళు చెయ్యి అడ్డం పెడతారు. అడ్డం పెట్టిన చేతి సందులోంచి కూడా కొసరి వేసే మహానుభావులు ఉంటారు, అది మర్యాద అనుకుంటారు గానీ షుగర్ ఉన్న పెద్దాయనకి రెండో బూరె వెయ్యడం మర్యాదేంటి చెప్పండి, అది ఆకులోనే మిగిలిపోతుంది లేదా ఆయన ఒంట్లోకి పోతుంది. గరిటె ఆకుకి తగలకుండా కాస్త పైనుంచి వెయ్యాలి, లేకపోతే ఆ గరిటె కూడా ఎంగిలే.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు అని ఊరికే అనలేదు పెద్దలు. తెలంగాణలో దావత్‌కి వెళ్ళి చూడండి, బగారన్నం వేసేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు, మటన్ బకెట్ పట్టుకున్నవాడు వస్తుంటే మాత్రం అందరి కళ్ళూ ఆ గరిటె మీదే, ముక్కలెన్ని పడ్డాయి బొక్కలెన్ని పడ్డాయి అని.

ఆకు ఎక్కడ దొరుకుతుంది ఈ సిటీలో అంటారేమో. కోనసీమలో రావులపాలెం మార్కెట్ అరటికి పెట్టింది పేరు, మా విజయవాడలో పూలమార్కెట్ల దగ్గర ఆకులు దొరుకుతూనే ఉంటాయి, అరటాకు కాకపోతే అడ్డాకుల విస్తళ్ళు, మోదుగ విస్తళ్ళు కొనండి, ఏజెన్సీలో అవి కుట్టి బతికేవాళ్ళున్నారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతా బ్యాన్ అయినా ఫంక్షన్ల వెనక కుప్పల్లో ఇప్పటికీ కనిపిస్తున్నాయి. ఆకు లేకపోతే స్టీలు కంచమే పెట్టండి, వరస మాత్రం తప్పించకండి.

ఇదంతా చదివి పాతరోజులే బంగారం అంటోంది ఈవిడ అనుకోకండి. పాత బంతుల్లో ఏ కులం వాళ్ళు ఎక్కడ కూర్చోవాలి, ఎవరిని పెరట్లో కూర్చోబెట్టాలి అని లెక్కలుండేవి, బయట వేరే ఆకు వేసి పైనుంచి వడ్డించిన రోజులు మర్చిపోయి బంతి భోజనం ఎంత గొప్పదో అని పాటలు పాడితే అది అబద్ధం. బఫే వచ్చాక ఆ కూర్చోబెట్టడాలు చాలావరకు పోయాయి, ఆ మంచి దానికి ఇవ్వాల్సిందే. అలాగే ఆడవాళ్ళు ఎప్పుడూ ఆఖరి బంతి, అడుగున మాడిన పప్పూ చల్లారిన చారూ వాళ్ళకి. ఈ రెండూ తిరిగి వచ్చేట్టయితే నాకు మీ ఫోర్కులూ పూలకుండీలే చాలు.

మా ఇంట్లో ఇప్పుడు వంట చేసినవాళ్ళు కూర్చున్నాక, ముందు తిన్న మగవాళ్ళు లేచి వడ్డిస్తారు, చుట్టాలైనా సరే వదిలేది లేదు. సంక్రాంతికి వచ్చిన మా మరిది గారు జీవితంలో మొదటిసారి గరిటె పట్టుకున్నారు, పప్పు కంటే ముందు అందరికీ చారు పోసేసి వెళ్ళిపోయారు. మా అత్తగారు చారన్నం పూర్తిగా తినేసి, "ఇప్పుడు పప్పు తే నాయనా, నెయ్యి మాత్రం మర్చిపోకు" అన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ