ఈ సీజన్ నుంచి మా కాన్యన్ ట్రిప్పుల్లో ఏం మారుతోంది, ఎందుకు మారుతోంది

నమస్కారం అండీ.

యూటా, అరిజోనా ఎడారి కాన్యన్లకు మా దగ్గర ప్లాన్ చేయించుకున్నవాళ్లకీ, ఈ ఏడాది వెళ్దామని అడుగుతున్నవాళ్లకీ ఈ ఉత్తరం. మారినవి ముందే చెప్పేస్తాను. జులై మొదలు సెప్టెంబరు మూడో వారం దాకా ఇరుకు కాన్యన్ల లోపల నడిచే ప్లాన్లు ఇకమీదట చేయం. ఐదు రోజుల్లో ఐదారు పార్కులు చుట్టేసే ప్లాన్లూ మానేశాం. ధర కొంత పెరిగింది. వీటన్నిటి వెనకా ఉన్నది నీళ్లే. ఆ ఎడారిలో నీళ్లు దొరక్కపోయినా ప్రమాదమే, ఉన్నట్టుండి వచ్చిపడినా ప్రమాదమే. చూడాల్సిన జాగాల పట్టిక పక్కన పెట్టి, ఏ రోజు ఏ నీళ్లు తాగుతాం, ఏ నీళ్లకు దూరంగా ఉంటాం అన్న దగ్గర్నుంచి ప్లాన్ మొదలుపెడుతున్నాం.

మాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇలా ఉంటుంది: "లాస్ వేగస్‌లో దిగుతాం. జయాన్, బ్రైస్, ఆర్చెస్, యాంటెలోప్, గ్రాండ్ కాన్యన్. మధ్యలో రెండు రాత్రులు టెంట్లో పడుకుని ట్రెక్కింగ్. ఐదు రోజులు సెలవు." ఆ ఉత్సాహం నాకు తెలుసు, ఇష్టం కూడా. కానీ మ్యాపు తీసి చూడండి. జయాన్ నుంచి ఆర్చెస్ పక్కనున్న ఊరు మోయాబ్‌కే దాదాపు ఐదు గంటల డ్రైవింగ్. మోయాబ్ నుంచి గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కి (దక్షిణపు అంచుకి) ఐదు గంటల పైమాటే. ఇలా తిరిగితే ప్రతి నడకా మిట్టమధ్యాహ్నమే మొదలవుతుంది. పిల్లలు కారులో విసిగిపోయి ఉంటారు, పెద్దవాళ్లకు నిద్ర చాలదు, బాటిల్లో సగం నీళ్లే ఉంటాయి. గ్రాండ్ కాన్యన్ లోపల పైఅంచు కన్నా ఇరవై డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడి ఎక్కువ ఉండొచ్చు. వేసవిలో పదింటి నుంచి నాలుగింటి దాకా లోపల నడవొద్దని పార్కువాళ్లు చెబుతారు. అంచు నుంచి నదికి దిగి అదే రోజు వెనక్కి ఎక్కొద్దనీ చెబుతారు. అలా నదికి దిగే సౌత్ కైబాబ్ దారి పొడవునా తాగేందుకు చుక్క నీళ్లుండవు. దిగేటప్పుడు ఒళ్లు తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఇవేవీ గుర్తుకురావు. ఎక్కడం ఎండలో, అలసిపోయాక మొదలవుతుంది. అలాంటి ప్లాన్ మీ చేతిలో పెట్టి డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

కారులో తిరిగి వ్యూపాయింట్ల దగ్గర ఫొటోలు తీసుకోవడమే కావాలంటే దానికి మా అవసరం లేదు, హాయిగా మీరే వెళ్లి రావచ్చు. మా పని కాన్యన్ లోపల రాత్రి గడపాలనుకునేవాళ్ల కోసం.

ఇరుకు కాన్యన్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అందరూ అడిగేది అవే. జయాన్‌లో నారోస్ అంటే వర్జిన్ నది కోసుకుంటూ వెళ్లిన సందు. గోడలు వెయ్యి అడుగుల ఎత్తు, కొన్నిచోట్ల అడుగున వెడల్పు ఇరవై ముప్పై అడుగులే. నడిచే దారి అంటూ వేరే లేదు, నదే దారి. పైనుంచి కింది దాకా పదహారు మైళ్లు. అరిజోనా సరిహద్దులో బక్‌స్కిన్ గల్చ్ ఇంకా ఇరుకు. మైళ్ల తరబడి నడిచినా పైకెక్కి తప్పించుకునే చోటు దాదాపు ఉండదు.

అక్కడి నేలంతా ఇసుకరాయి. చెట్టూచేమా తక్కువ, మట్టి పలుచన. వాన పడితే ఇంకిపోయే దారి లేదు, పడ్డది పడ్డట్టు జారి పల్లంలో ఉన్న సందులోకి చేరుతుంది. మీ నెత్తిన నీలాకాశం ఉండగానే, ఎగువన ఎక్కడో కురిసిన వాన మీ దగ్గరికి దుంగలతో, బురదతో గోడలా వస్తుంది. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటెలోప్ కాన్యన్‌లో పదకొండు మంది పర్యాటకులు అలాగే చనిపోయారు. వాళ్లున్నచోట గట్టి వాన లేదు, కురిసింది ఎగువన మైళ్ల దూరంలో. 2015 సెప్టెంబరు 14న జయాన్‌లోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు పోయారు. వాళ్ల దగ్గర పర్మిట్ ఉంది. పర్మిట్ చేతిలో ఉంటే పార్కువాళ్లు భద్రతకు హామీ ఇచ్చినట్టే అని చాలామంది అనుకుంటారు. అది లోపలికి వెళ్లేందుకు అనుమతి మాత్రమే. ఆ రోజు వెళ్లాలా వద్దా అన్నది మనం తేల్చుకోవాల్సిందే.

ఆ ప్రాంతపు వర్షాకాలం సుమారు జులై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా. మనవాళ్ల పిల్లలకు స్కూలు సెలవులూ, లేబర్ డే వీకెండూ చాలావరకు దాంట్లోనే పడతాయి. మా వ్యాపారానికి అవే మంచి రోజులు. అయినా ఆ రోజుల్లో ఇరుకు కాన్యన్ ప్లాన్ చేయం. మిగతా నెలల్లో కూడా వానలు రావని కాదు. అందుకే ప్రతి ప్లాన్‌లోనూ ఆ రోజుకు ఇంకో దారి రాసి ఇస్తున్నాం. నేషనల్ వెదర్ సర్వీసు ఆ ప్రాంతానికి రోజూ ఆకస్మిక వరద సూచన ఇస్తుంది: నాట్ ఎక్స్‌పెక్టెడ్, పాజిబుల్, ప్రాబబుల్, ఎక్స్‌పెక్టెడ్ అని నాలుగు మెట్లు. మా సలహా రెండో మెట్టు దగ్గరే ఆగిపోవడం. పాజిబుల్ అని ఉంటే సందులోకి దిగొద్దు, రాసిచ్చిన రెండో దారి పట్టండి. చాలామందికి ఇది మరీ పిరికితనంగా అనిపించొచ్చు. పిల్లలతో వెళ్లే కుటుంబాలకు నేనింతకన్నా ధైర్యం చెప్పలేను.

నారోస్‌లో ఇంకో లెక్క కూడా ఉంది. నది ప్రవాహం సెకనుకు 150 ఘనపుటడుగులు దాటితే ఆ దారి మూసేస్తారు. రాత్రి బసకైతే 120 దాటగానే పర్మిట్లు ఆపేస్తారు. వసంతంలో కొండల మీద మంచు కరిగే వారాల్లో ఇది మామూలే. ఏప్రిల్, మే నెలలకు నారోస్ అడిగేవాళ్లకు ముందే చెబుతున్నాను, దాని మీద ఆశ పెట్టుకుని విమానం టికెట్లు కొనకండి. నీళ్లు కూడా చల్లగా ఉంటాయి. బయట ఎండ మండుతున్నా, నీడలో గంటల తరబడి నడుము లోతు నీళ్లలో నడిస్తే ఒంట్లో వేడి పడిపోతుంది. నూలు బట్టలు ఆరవు, ఇంకా చలి పుట్టిస్తాయి.

ఇక నీళ్లు లేని వైపు. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్లకు కొంచెం తక్కువ, తాగడానికి కావాలి. వంటకు వేరే. లీటరు నీళ్లంటే కిలో బరువు. మూడు రోజులకు పన్నెండు కిలోలు నీళ్లే. టెంటు, స్లీపింగ్ బ్యాగు, తిండి, బట్టలు కలిపి ఇంకో పది పన్నెండు కిలోలు. అంత మోసుకుని నున్నటి రాతి మీద ఎక్కి దిగడం మామూలు మనిషి వల్ల కాదు. మ్యాపులో ఊట అని చుక్క పెట్టి ఉన్నా, మే వచ్చేసరికి అక్కడ తడి ఇసుక మాత్రమే ఉండొచ్చు.

అందుకని ఈ సీజన్ మా ముఖ్యమైన ప్లాన్‌ని కాన్యన్‌లాండ్స్ పార్కులోని నీడిల్స్ ప్రాంతానికి మార్చాం. తాగునీళ్లున్న క్యాంప్‌గ్రౌండ్‌లో మకాం, మధ్యలో ఒక్క రాత్రి చెస్లర్ పార్క్ వైపు లోపల బస. నడక మొదలయ్యే ఎలిఫెంట్ హిల్ నుంచి చెస్లర్ పార్క్ వ్యూపాయింట్‌కి రానూపోనూ ఆరు మైళ్ల లోపే. చుట్టూ తిరిగి వస్తే పదకొండు మైళ్లు. ఎర్రటి, తెల్లటి చారల రాతి స్తంభాలు వలయంలా నిలబడి, మధ్యలో గడ్డి మైదానం. ఆ చుట్టుదారిలోనే జాయింట్ ట్రైల్ ఉంది. రాయి నిలువునా పగిలి ఏర్పడిన సందులో, రెండు భుజాలూ రెండు గోడలకు ఆనుతూ నడవాలి. ఇరుకు కాన్యన్ మీద మోజు ఉన్నవాళ్లకు ఆ అనుభవం ఇక్కడ దొరుకుతుంది. ఒక రాత్రికే అయితే మనిషికి ఏడు లీటర్లు మోస్తే సరిపోతుంది. చెస్లర్‌లో నమ్ముకోదగ్గ నీళ్లు లేవు కాబట్టి ఆ ఏడు లీటర్లు తప్పవు.

మేమిచ్చే సామానులో ఒక్కొక్కరికీ రెండు లీటర్ల మెత్తటి సంచులు మూడు, లీటరు బాటిల్ ఒకటి ఉంటాయి. సంచులు బ్యాగులో వీపుకు ఆనేలా, టెంటు కన్నా లోపలివైపు పెట్టుకోండి. బాటిల్ చేతికందేలా బయట. మూతలు బిగించి, సంచిని తలకిందులు చేసి, ఒక్క నిమిషం కారు బానెట్ మీద ఉంచి చూడండి. చుక్క కారినా మార్చేయండి, పెట్టెలో అదనంగా రెండు ఉంటాయి. ఉప్పు సంగతి కూడా మరవొద్దు. చెమట పోసి పోసి, ఉత్త నీళ్లు మాత్రమే తాగుతూ పోతే ఒంట్లో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక. వడదెబ్బలాగే కనిపిస్తుంది కాబట్టి ఇంకాసిని నీళ్లు తాగిస్తారు, అది ఇంకా చేటు. గంటకోసారి ఏదో ఒక ఉప్పటిది తినండి.

తిండి పెట్టె కూడా మారింది. పప్పూ అన్నం కావాలని అడుగుతున్నారు. లోపలికి వెళ్లే రాత్రికి ఇవ్వను. పప్పు ఉడకడానికి నీళ్లూ గ్యాసూ రెండూ ఎక్కువ పడతాయి, గిన్నె కడగడానికి మళ్లీ నీళ్లు. ఆ రాత్రికి అటుకులు, పొడి పులిహోర, పల్లీలు, ఊరగాయ. క్యాంప్‌గ్రౌండ్ చేరాక పప్పుచారుతో సహా పూర్తి భోజనానికి సరుకులిస్తాం. నీడిల్స్ దగ్గర ఏదైనా కొనుక్కోవచ్చనుకోవద్దు. దగ్గరి ఊళ్లంటే మాంటిసెల్లో దాదాపు యాభై మైళ్లు, మోయాబ్ డెబ్బై ఐదు. పెట్రోలు నిండా కొట్టించుకునే బయల్దేరండి. ఫోన్ సిగ్నల్ ఉండదు, అందుకని ప్రతి బృందానికీ శాటిలైట్ మెసెంజర్ (ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరం) తప్పనిసరి చేశాం. ధర పెరగడానికి అదొక కారణం. గోడల మధ్య ఆకాశం సన్నగా కనిపించేచోట అది కూడా మొరాయిస్తుంది, తెరిపి ఉన్నచోటికి వచ్చి పంపాలి.

ఇంకో రెండు విషయాలు కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. లోపల చాలాచోట్ల మలాన్ని కూడా సంచిలో కట్టి వెనక్కి తేవాల్సిందే. మేం సంచులిస్తాం, ఎలా వాడాలో చూపిస్తాం. తడి మట్టిలా కుళ్లబెట్టే పని ఆ ఎండు నేల చేయలేదు, పాతిపెట్టినా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. రెండోది, దారి వదిలి నడవొద్దు. నల్లగా, బుడిపెలు బుడిపెలుగా కనిపించే నేల మామూలు మట్టి కాదు, సూక్ష్మజీవులు, నాచు, లైకెన్‌లు కలిసి కట్టిన పొర. ఇసుక ఎగిరిపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు పడితే నలిగిపోతుంది, మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. రాతి గుంతల్లో నిలిచిన వాననీళ్లలో చేతులు కూడా పెట్టొద్దని పిల్లలకు చెప్పండి. వంగి చూడమనండి, చిన్న చిన్న రొయ్యల్లాంటి ప్రాణులు ఈదుతుంటాయి. వాటి గుడ్లు గుంత ఎండిపోయినా ఇసుకలో ఉండి, వాన పడగానే పొదుగుతాయి. మన చేతికున్న సన్‌స్క్రీన్ చాలు వాటికి హాని చేయడానికి.

పర్మిట్ల గురించి: "మీరే తీసి పెట్టండి, డబ్బిస్తాం" అని అడిగేవాళ్లకు మళ్లీ చెబుతున్నాను, కుదరదు. పర్మిట్ నడిచే బృందంలోని మనిషి పేరు మీద ఉండాలి, ఆ మనిషి వెంట ఉండాలి, ఇంకొకరికి బదిలీ అవదు. ఎప్పుడు తెరుస్తారో, బసకు ఏ జోన్ (పార్కు విభాగం) అడగాలో మేం చెబుతాం, బటన్ మీరే నొక్కాలి. అలాగే మేం మీ వెంట గైడుగా రాలేం. డబ్బు తీసుకుని పార్కులో జనాన్ని నడిపించాలంటే దానికి వేరే వ్యాపార అనుమతి కావాలి. మాది ప్లాను, సామాను, తిండి వరకే. గైడు కావాలంటే అనుమతి ఉన్న స్థానికుల వివరాలిస్తాం, అందులో మాకు కమీషన్ లేదు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లు ఇది గమనించండి. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేని సందర్శకులకు, 16 ఏళ్లు నిండినవాళ్లయితే, 11 పెద్ద పార్కుల్లో మామూలు టికెట్ మీద మనిషికి అదనంగా 100 డాలర్లు. జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ ఆ జాబితాలో ఉన్నాయి. ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్, క్యాపిటల్ రీఫ్ లేవు. వాళ్ల వార్షిక పాసు 250 డాలర్లు, ఇక్కడ ఉంటున్నవాళ్లది 80. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నీడిల్స్ ప్లాన్ ఈ లెక్కలోనూ కలిసొస్తుంది. మీరు లోపలికి వెళ్లిన రాత్రి వాళ్లు మోయాబ్‌లో గదిలో ఉండేలా కలిపి రాసిస్తాం.

డబ్బు వాపసు సంగతి. వాన సూచన వల్ల రెండో దారికి మారితే వాపసు ఉండదు, ఎందుకంటే ఆ రెండో దారి కూడా ప్లాన్‌లో భాగమే. పార్కు మూసేసినా, మీకు పర్మిట్ దొరక్కపోయినా మా రుసుము మొత్తం తిరిగిస్తాం. పార్కుకు కట్టిన రుసుముల మీద మాత్రం మాకు ఏ అధికారమూ లేదు.

వసంతం, శరదృతువు తేదీలకు అడగడం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. రాసేటప్పుడు ఒకదానికొకటి దగ్గర కాని రెండు వారాలు, మీలో ఎవరు ఎంత బరువు మోయగలరో, పిల్లల వయసులు, ఎవరికైనా బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పి ఉంటే అదీ రాయండి. అరిజోనాలోని పేజ్ ఊరి వైపు వెళ్లి యాంటెలోప్ కూడా చూడాలనుకునేవాళ్లు ఆ మాట ముందే చెప్పండి. అది నవాహో నేషన్ భూమి, నవాహో గైడు లేకుండా లోపలికి పంపరు. వేసవి టైములో అరిజోనా గడియారం మార్చదు, నవాహో నేషన్ మారుస్తుంది, ఫోను అటూ ఇటూ దూకుతుంటుంది. మీ టూరు ఏ టైము ప్రకారమో బుక్ చేసినప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.