జ్వరం లేనివారికీ మలేరియా మాత్రలు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల కొండ ఊళ్లలో దమన్ శిబిరాలు (ప్రభుత్వ మలేరియా నిర్మూలన శిబిరాలు) పెట్టి ఇంటిల్లిపాదికీ వేలు పొడిచి రక్తం చూస్తున్నారు. మలేరియా ఉన్నట్టు తేలినా "జ్వరమే లేదు, నాకెందుకీ మాత్రలు?" అని పక్కన పడేసేవారు మన తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే అది. విడమరచి జవాబు చెప్పేవారే తక్కువ.

దోమ కుట్టిన గంట తిరగకముందే మలేరియా క్రిమి కాలేయంలో దూరుతుంది. ఈ క్రిమిలో ఫాల్సిపారం, వైవాక్స్ అని రకాలున్నాయి. ఫాల్సిపారం రకమైతే వారం రోజులు అక్కడ పెరిగి, వేలకు వేలుగా రక్తంలోకి దిగి ఎర్రకణాల్లో చేరుతుంది. సుమారు 48 గంటలకోసారి ఆ కణాలు పగులుతాయి. అప్పుడు మన తెల్లకణాలు వదిలే రసాయనాల వల్లే వణుకూ జ్వరమూ వస్తాయి. చెడిన కణాలను ప్లీహం వడకడుతుంది. పదేపదే మలేరియా వచ్చిన పిల్లలకు ఎడమ డొక్కలో బల్ల (ఉబ్బిన ప్లీహం) చేతికి తగిలేది అందుకే.

ఈ క్రిమిని పట్టుకోవడం ఒంటికి తేలిక కాదు. సోకిన కణాలను చంపే టి-కణాలు ఎర్రకణం లోపల ఏముందో పసిగట్టలేవు. యాంటీబాడీల మీదే భారమంతా పడుతుంది. ఫాల్సిపారం ఎర్రకణం పైకి ఒక ప్రోటీన్‌ను పంపి, దాని సాయంతో సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుని ప్లీహానికి చిక్కకుండా ఉంటుంది. ఆ ప్రోటీన్‌కు యాంటీబాడీలు తయారయ్యేసరికి మరో రకాన్ని తొడుక్కుంటుంది. ఇలా మార్చుకోవడానికి దాని దగ్గర 60 దాకా జన్యువులున్నాయి. ఏళ్ల తరబడి జబ్బు పడితే గానీ వీటిలో చాలావాటిని ఒళ్లు గుర్తుపట్టదు. అప్పుడైనా దక్కేది అరకొర రక్షణే. క్రిములు తగ్గుతాయి, జ్వరం రాదు, రక్తం మాత్రం పూర్తిగా శుభ్రపడదు. రక్తహీనత లోలోపల పెరుగుతూనే ఉంటుంది. ఆ మనిషిని కుట్టిన దోమే కొన్నాళ్లకు పక్కింటి పసిబిడ్డనూ కుడుతుంది.

ఈ అరకొర రక్షణ కూడా నిలవదు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో కొన్నేళ్లు పనిచేసి పండక్కి వచ్చినవారు "ఇక్కడే పుట్టి పెరిగాం, మాకేం కాదు" అనుకుని దోమతెర లేకుండా పడుకోవడం చాలా ప్రమాదం. తొలిచూలు గర్భిణులకు ముప్పు మరీ ఎక్కువ. క్రిమి మాయలో (కడుపులో బిడ్డను పోషించే ప్లాసెంటాలో) తిష్ఠ వేస్తుంది, అక్కడ అతుక్కునే రకాన్ని వారి ఒళ్లు అంతకుముందు చూసి ఉండదు. బిడ్డ తక్కువ బరువుతో పుట్టేది దీనివల్లే. గర్భిణులు ఇంట్లో ఉన్న ప్యాకెట్ విప్పకుండా ఆస్పత్రికే వెళ్లాలి.

ఆశా దీదీ ఇచ్చే ఫాల్సిపారం ప్యాకెట్ల రంగు వయసును బట్టి ఉంటుంది. 15 ఏళ్లు నిండితే తెలుపు, 9–14కు ఎరుపు, 5–8కి ఆకుపచ్చ, 1–4కు పసుపు. మూడు రోజులూ మింగాలి. రెండో రోజు ప్రైమాక్విన్ అనే మాత్ర కూడా ఉంటుంది, దాన్ని పరగడుపున వేసుకోకూడదు. మింగిన అరగంటలోపు కక్కితే ఆ మోతాదు మళ్లీ వేయాలి. మొదటి రోజుకే ఒళ్లు తేలికపడిందని మిగతావి వచ్చే జ్వరానికి దాచుకోవడం మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. చావకుండా మిగిలిన క్రిములు మళ్లీ పుంజుకుంటాయి.

వైవాక్స్ అయితే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. ఈ రకం క్రిమి కొంత కాలేయంలోనే నిద్రపోతుంది, దాని జోలికి మన రోగనిరోధక శక్తి పోలేదు. దాన్ని చంపేది ఆ 14 రోజుల మాత్రే. గర్భిణులకు, పసికందులకు అది ఇవ్వరాదు. మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంకొకటి. క్రిములు మరీ తక్కువుంటే, వేలు పొడిచి చూసే కిట్‌లో మలేరియా గీత పడకపోవచ్చు. నయమయ్యాక కూడా కొన్ని వారాల పాటు ఆ గీత పడుతూ ఉండవచ్చు. అనుమానముంటే స్లైడ్ పరీక్ష (రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూసేది) చేయించుకోవాలి గానీ దుకాణంలో మాత్రలు కొనకూడదు.

మాత్రలిచ్చే చోట ఈ సంగతులు ఒడియాతో పాటు తెలుగులోనూ, ఇక్కడి గిరిజన భాషలైన కువిలోనూ, సవరలోనూ చెప్పించమని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

— మలేరియా పరీక్షల్లో పనిచేసిన కొందరు ల్యాబ్ టెక్నీషియన్లు, గుణుపూర్, రాయగడ జిల్లా