పేరు ఎక్కడం వేరు, రిజిస్టరు కావడం వేరు

సంపాదకులకు నమస్కారం.

ఆధార్, ఓటు, ఈ-పంట (ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ప్రభుత్వ జాబితా), కౌలు కార్డు, భూమి కొనుగోలు... వార్త దేని గురించైనా పత్రికల్లో ఒకటే మాట కనిపిస్తోంది: 'నమోదు'. ఇంగ్లీషులో అప్లై, ఎన్‌రోల్, రిజిస్టర్ అనే మూడు క్రియలకీ ఈ ఒక్క మాటే వాడేస్తున్నారు. దీనివల్ల డెల్టా రైతులు, పిల్లల తల్లిదండ్రులు పొరబడుతున్నారు.

ఎన్‌రోల్‌లో ఉన్నది రోల్, అంటే చుట్ట. పూర్వం తోలుపత్రాల చుట్టల్లో పేర్లు రాసేవారు. ఆ చుట్టలోకి మనిషి పేరు ఎక్కించడమే ఎన్‌రోల్. కోనసీమలో చదువు రాని పెద్దవాళ్లు కూడా "లిస్టులో నీ పేరెక్కిందా?" అని అడుగుతారు. ఈ క్రియకు అంతకంటే సరైన తెలుగు లేదు. రిజిస్టర్ చేయడం అంటే, జరిగిన సంగతినో రాసుకున్న పత్రాన్నో అధికారి తన పుస్తకంలోకి తీసుకుని దానికి చట్టం ముందు విలువ కల్పించడం. పుట్టుక, చావు, పెళ్లి, క్రయ దస్తావేజు రిజిస్టరవుతాయి. విద్యార్థి, సభ్యుడు ఎన్‌రోల్ అవుతారు. అయితే ఈ గీత అన్నిచోట్లా తిన్నగా ఉండదు. న్యాయవాదులు బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయితే, డాక్టర్లు మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవుతారు. ఓటర్ల జాబితా 'ఎలక్టోరల్ రోల్', అందులో పేరెక్కించే అధికారి మాత్రం 'ఎలక్టోరల్ రిజిస్ట్రేషన్ ఆఫీసర్'. ఇంగ్లండులో 1536 నాటి శాసనం భూమి పత్రాలకు కూడా ఎన్‌రోల్ మాటే వాడింది.

ఈ తేడా బాగా తెలిసేది జనన ధ్రువపత్రం దగ్గర. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పుట్టుకను 21 రోజుల్లో తెలపాలి. అప్పటికి బిడ్డకు పేరు పెట్టకపోయినా పుట్టుక రిజిస్టరవుతుంది. పేరు తర్వాత చేర్చాలి, 12 నెలల లోపైతే రుసుము లేదు. "బర్త్ రిజిస్ట్రేషన్ అయిపోయింది" అని ఊరుకున్నవాళ్లు, బడిలో వేసేనాడు పేరు గడి ఖాళీగా ఉండటం చూసి కంగారు పడుతున్నారు.

భూమి సంగతీ అంతే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద 100 రూపాయలు, ఆపై విలువగల స్థిరాస్తి క్రయ దస్తావేజును రాసుకున్న 4 నెలల్లోగా సబ్ రిజిస్ట్రార్ ముందు పెట్టాలి. అక్కడ రిజిస్టరయ్యేది దస్తావేజు. 1బీలో (ఎవరి పేర ఎంత భూమి ఉందో చెప్పే రికార్డు), అడంగల్‌లో (సాగు వివరాల రికార్డు) కొన్నవారి పేరు ఎక్కడం రెవెన్యూ వైపు జరగాల్సిన పని, దాన్నే మ్యుటేషన్ అంటారు. ఆ రెండు కాగితాలూ తీసి చూసుకోకపోతే, పంట రుణానికి వెళ్లినప్పుడు పాత యజమాని పేరే కనిపిస్తుంది.

కౌలు దగ్గర ఈ గందరగోళం ఇంకా ఎక్కువ నష్టం చేస్తోంది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద రాసుకునే ఒప్పందం 11 నెలలకే. భూమి హక్కు యజమానిదే. దీన్ని 'కౌలు రిజిస్ట్రేషన్' అని రాస్తే, యజమాని మనసు నేరుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మీదికి పోతుంది. ఎక్కడ భూమి చేజారుతుందోనని సంతకం పెట్టడు. 'సాగుదారు జాబితాలో పేరు ఎక్కించడం' అని రాయండి, భయం సగం తగ్గుతుంది. సంతకం లేనిదే కౌలు కార్డు రాదు. ఆ కార్డు లేక, ఈ-పంటలో పేరు లేక, చేను దమ్ము చేసి ఊడ్చిన మనిషి ధాన్యం అమ్ముకునేటప్పుడు ఇబ్బంది పడుతున్నాడు. ఈ-పంటలో సార్వాలో (ఖరీఫ్) ఎక్కిన పేరు దాళ్వాకు (రబీ) పనికిరాదు, పంట పంటకూ మళ్లీ ఎక్కించాలి. వివరాలు చెప్పి వచ్చేస్తే చాలదు. ఈ-కేవైసీలో, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసే చోట, వేలిముద్ర పడేదాకా పని పూర్తయినట్టు కాదు.

ఓటు విషయంలో ఫారం 6 ఇచ్చిన రోజునే 'కొత్త ఓటర్ల నమోదు' అని వార్త వస్తోంది. అది అప్లై చేయడం మాత్రమే. విచారణ జరిగి జాబితాలో పేరు కనిపించిన రోజే ఎన్‌రోల్ అయినట్టు. ఆధార్ కేంద్రంలో ఇచ్చే రసీదు మీద 14 అంకెల ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య, పక్కనే తేదీ, సమయం ఉంటాయి. చాలామంది దాన్నే ఆధార్ నంబరు అనుకుంటారు. ఆధార్‌కు ఉండేది 12 అంకెలు.

విద్యార్థుల కోసం రెండు మాటలు. బ్రిటిష్ వర్ణక్రమంలో ఎన్‌రోల్ చివర ఒక ఎల్, అమెరికన్‌లో రెండు. 'ఎడ్', 'ఇంగ్' చేరితే ఇద్దరూ రెండు ఎల్‌లే రాస్తారు. 'మెంట్' చేరినప్పుడు బ్రిటిష్ వారికి మళ్లీ ఒకటే. మన ఆధార్ చట్టం, న్యాయవాదుల చట్టం ఒక ఎల్‌తోనే ఉన్నాయి. 'ఎన్‌రోల్డ్ ఇంటూ ద కాలేజ్' అని రాయకూడదు. కాలేజీకి 'ఇన్' గానీ 'ఎట్' గానీ, సభ్యత్వానికి 'యాజ్ ఎ మెంబర్'. పరీక్షకు మాత్రం 'రిజిస్టర్ ఫర్'. 'ఐ ఎన్‌రోల్డ్ మై అడ్మిషన్' అనే వాక్యం దరఖాస్తుల్లో తరచూ కనిపిస్తోంది. ఎన్‌రోల్ అయ్యేది మనిషి, అడ్మిషన్ కాదు.

ఇట్లు,
ఆంగ్ల ఉపాధ్యాయులు, దస్తావేజు లేఖరులు,
అమలాపురం.