ఏ టంకశాలలో ఎన్ని నాణేలు? లెక్క బయటపెట్టాలి

సంపాదకులకు,

మా వీధిలో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన దగ్గర ఈమధ్య ఎవడో ఫోనులోనే రెండు వేలు గుంజాడు. ఆయన పాత అయిదు రూపాయల బిళ్ల ఫొటో పంపితే, "ఇలాంటివి దేశంలో కొన్నే ఉన్నాయి, లక్షలు పలుకుతుంది, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అన్నాడట. ఆ బిళ్ల మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంది. అంటే అది హైదరాబాదులో కొట్టింది. ఆ ఏడు అలాంటివి ఎన్ని కోట్లు కొట్టారో ముందే తెలిసుంటే ఆయన మోసపోయేవాడు కాదు. నాణేలు పోగుచేసే అలవాటున్న నాక్కూడా ఆ అంకె దొరకలేదు.

ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది, సంతోషం. కానీ ఆ బ్యాంకు వార్షిక నివేదికలో ఉండేది మార్చి నెలాఖరుకు చలామణిలో ఉన్న నాణేల లెక్క. ముంబయి, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడాల్లో ఎక్కడ ఎన్ని తయారయ్యాయో అందులో ఉండదు. పైగా నాణెం మీద పడేది క్యాలెండరు సంవత్సరం, నివేదికది ఆర్థిక సంవత్సరం.

ఈ తేడా చిన్నదేం కాదు. 1804లో 19,570 వెండి డాలర్లు కొట్టినట్టు అమెరికా టంకశాల పద్దులో ఉంది. అవి పాత అచ్చులతో, అంతకుముందు సంవత్సరాలు వేసి కొట్టినవి. 1804 అని ఉన్న డాలర్లు ముప్ఫై ఏళ్ల తరవాత, విదేశీ రాజులకు కానుకలుగా ఇవ్వడానికి తయారయ్యాయి. ఏ ఏడు కొట్టారో, ఏ ఏడు వేసి కొట్టారో రెండూ రాయకపోతే ఇంతే. అంతకన్నా వెనక్కి, మధ్యయుగాల ఇంగ్లండుకు వెళితే అక్కడి పద్దులు తూకంలోనే ఉంటాయి. కొట్టిన వెండి ఇన్ని పౌన్లని రాసిపెడితే, నాణేలెన్నో చరిత్రకారులు లెక్కకట్టుకోవాలి.

మన దగ్గర లెక్క నిలిచిన సందర్భమూ ఉంది. 1911లో అయిదో జార్జి రూపాయి మీద, రాజు అంగీపై ఉన్న ఏనుగు పందిలా కనిపిస్తోందని అలజడి రేగింది. దాదాపు 94 లక్షలు కొట్టారు. 7 లక్షలు జనంలోకి వెళ్లాక ఆపి, మిగిలినవాటిని చాలావరకు కరిగించారు. ఈ రెండు అంకెలూ మిగలబట్టే ఆ రూపాయి ఎందుకంత అరుదో ఈరోజు ధైర్యంగా చెప్పగలుగుతున్నాం.

అమెరికా టంకశాల ఇప్పుడు ఏ ఊళ్లో ఏ నాణెం ఎన్ని కొట్టిందో అందరికీ కనిపించేలా ఉంచుతోంది. మన నాలుగు టంకశాలలూ ఒకే ప్రభుత్వ సంస్థ కింద ఉన్నాయి కాబట్టి అంకెలు ఒకచోట చేర్చడం కష్టం కాకూడదు. నిజాం టంకశాల 1950లో కేంద్రం చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఏటా, నాణెంవారీగా, దాని మీది సంవత్సరంతో సహా హైదరాబాదు లెక్కను ముందు బయటపెట్టమని కేంద్ర ఆర్థిక శాఖను కోరుతున్నాను. ఒక ప్రతి సైఫాబాదు పాత టంకశాలలోని మ్యూజియంలోనూ ఉంచాలి.

- ఒక నాణేల సేకర్త, వరంగల్